పద్నాలుగు సీజన్లు, ఒకే క్లబ్బు

మా చిన్నప్పుడు ఇంటికి పేపరు ఒక రోజు ఆలస్యంగా వచ్చేది... నాన్న ఢిల్లీ కంటోన్మెంట్‌లో హవల్దారు. యూనిట్ లైబ్రరీలో అందరూ చదివేశాక, పాత పేపరును చంకలో పెట్టుకొచ్చేవారు. నేను వంటింటి గడప మీద కూర్చుని, ఆటల పేజీలో ఓ మూల అగ్గిపెట్టంత వార్త కోసం వెతికేదాన్ని.

అది జర్మనీ ఫుట్‌బాల్ వార్త. అక్కడి డిఫెండర్ ఒకతనంటే నాన్నకు ప్రాణం. యూనిట్ టీములో నాన్నదీ అదే స్థానం మరి! నోరు తిరగని పేరు కాబట్టి ఇంట్లో అతను "మన జర్మనోడు".

నాకు అప్పటికే ఏదైనా గళ్లు గీసి రాసుకునే పిచ్చి. ఒక నోటుబుక్కులో అతని కోసం గీశాను... సీజను, మ్యాచ్‌లు, గోల్స్, క్లబ్బు. క్లబ్బు పేరు మొదటి వరుసలో రాశాను. ఆ కింద ఏటా డిట్టో గుర్తే.

ఆరో ఏడు ఆ క్లబ్బు వరసగా ఓడి రెండో డివిజన్‌కు పడిపోయింది. పెద్ద క్లబ్బులు అతన్ని పిలుస్తున్నాయని పేపర్లో వచ్చింది.

పక్క క్వార్టర్ పంజాబీ అంకుల్ నా పుస్తకం చూసి నవ్వారు. "అరే బేటీ, ఈసారి కొత్త పేరు రాసుకో. పడిపోయిన టీములో ఎవడుంటాడు?"

"నహీ అంకుల్, ఉంటాడు!" అన్నాను.

నాన్న బూట్లకు పాలిష్ పెడుతూ, "ఆ గడి ఖాళీగా ఉంచమ్మా. తెలియకుండా రాయకూడదు" అన్నారు.

ఎండాకాలమంతా ఆ గడి ఖాళీగానే ఉంది... రోజూ పుస్తకం తెరిచి, చూసి, మూసేదాన్ని.

స్కూళ్లు తెరిచిన వారం, నాన్న గేటు దగ్గర్నుంచే పేపరు ఊపుతూ వచ్చారు. "బుజ్జీ, డిట్టో పెట్టు!"

అతను వెళ్లలేదు! ఆ గుర్తు ఎంత ఒత్తి పెట్టానంటే, వెనక పేజీలోనూ అచ్చు పడింది. పరుగెత్తుకెళ్లి అంకుల్‌కి చూపించాను. "ఠీక్ హై భాయ్, ఓడిపోయాను" అని నాకు జిలేబీలు తెప్పించారు.

మరుసటి ఏడే ఆ క్లబ్బు మళ్లీ పైకొచ్చింది. పద్నాలుగు సీజన్లు ఆడి, అతను అదే చొక్కాతో ఆట మానేశాడు. పెద్ద కప్పులేవీ గెలవలేదు... అయినా అతని గురించి చెప్పేటప్పుడు నాన్న నిటారుగా కూర్చునేవారు.

ఇప్పుడు మేముండేది ఢిల్లీ పక్కనే వైశాలిలో. ఎవరు ఏ క్లబ్బుకు మారారో మా అమ్మాయి ఫోను చూసి క్షణంలో చెప్పేస్తుంది. మొన్న ఆ నోటుబుక్కు చూపిస్తే, "మమ్మీ, యే సబ్ సేమ్ క్యోం హై?" అంది, అన్నీ ఒకేలా ఎందుకున్నాయని.

"అదే కదమ్మా గొప్ప!" అన్నాను.

ఒక్క గడి నింపడానికి ఎండాకాలమంతా ఆగే ఓపిక ఇప్పుడు నాకే లేదు... మీరు అలా ఎవరిమీద నమ్మకంతో ఎదురుచూశారు? రాయండి, ఒక్కటీ వదలకుండా చదువుతాను.