సకినాలకు దొరికిన బల్ల

సహోదరీ సహోదరులారా, నా భర్తను సమాధి చేసి వచ్చాక చాలాకాలం నేను ప్రార్థన చేయలేకపోయాను. దేవుని మీద కోపం కాదు, ఆయనతో మాట్లాడటానికి నాలో మాట లేదు. ఈ సూరత్ పక్కనే హజీరాలో ఫ్యాక్టరీ పనికని ఉదయం కంపెనీ బస్సు ఎక్కిన మనిషి తిరిగి రాలేదు, గుండె ఆగిపోయిందన్నారు. ఆ తర్వాత రోజూ బైబిలు తెరిచేదాన్ని, అక్షరాలు కనబడేవి, అర్థం మాత్రం లోపలికి దిగేది కాదు.

పక్కింటి రాజవ్వది సిరిసిల్ల, మగ్గాల పనికి సూరత్ వచ్చిన కుటుంబం. మన విశ్వాసంలో లేదు, అయినా రోజూ వచ్చి నా దగ్గర కూర్చునేది.

"ఏంది బిడ్డా, గోడ దిక్కు జూసుకుంట ఎన్నొద్దులు కూసుంటవ్? మా మనుమరాలి పెండ్లున్నది, జర సకినాలు జెయ్యి," అన్నది ఒకరోజు.

చేశాను. పెళ్లిలో తిన్నవాళ్లు మళ్లీ అడిగారు, అలా అదే నా జీవనాధారమైంది. ఇంతలో మా హౌసింగ్ సొసైటీ సెక్రటరీ వచ్చి, ఇంట్లో వండి అమ్మాలంటే ఆహార శాఖలో రిజిస్ట్రేషన్ ఉండాలని, అది లేకపోతే అమ్మకం ఆపేయాలని చెప్పారు. దరఖాస్తు పెట్టాను. ఇల్లు చూడటానికి అధికారి వస్తారన్నారు.

సకినాలు ఎప్పుడూ నేల మీద పరిచిన పాత మెత్తటి బట్ట మీదే చుడతాం. బియ్యప్పిండిలోని తడి బట్ట పీల్చుకుంటేనే అవి విరగకుండా నూనెలోకి వెళ్తాయి. నా శుభ్రత చూపించాలని నేలంతా కడిగి, నా భర్త పంచె ఉతికి పరిచి, దాని నిండా సకినాలు చుట్టి అధికారి కోసం ఎదురుచూశాను. ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు.

"బెహన్, తినే వస్తువు నేల మీదా? నహీ చలేగా, ఇలా కుదరదు. ఈ బట్ట ఎవరిది?"

చెప్పాను. ఆయన మెల్లగా, కట్టి విడిచిన బట్ట వాడకూడదని, కొత్త బట్ట, ఎత్తైన బల్ల ఏర్పాటు చేసి కబురు చేస్తే మళ్లీ వస్తానని హిందీలో చెప్పి వెళ్లారు.

పంచె మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అప్పుడు నోరు దానంతట అదే తెరుచుకుంది. "ప్రభువా, ఇది కూడా తీసుకుంటావా? తీసుకో. నా చేతుల్లో పని మాత్రం తీసుకోకు." అన్నాళ్ల తర్వాత నేను చేసిన మొదటి ప్రార్థన అదే.

ఆ ఆదివారం ఇక్కడ మన మందిరానికి ఆరాధనకు వచ్చినప్పుడు, నెలకోసారి అందరం కలిసి తినే ప్రేమవిందుకు వాడే ఈ బల్లలు గోడకు ఆనించి కనబడ్డాయి. అడగటానికి మొహమాటపడుతుంటే, నా సంగతి విన్న పాస్టరమ్మగారే, "మిగతా నెలంతా ఖాళీగానే ఉంటాయి కదక్కా, రెండు తీసుకెళ్లు," అన్నారు. కొత్త బట్ట కొని, గంజి పోయేదాకా మరిగించి ఉతికి ఆ బల్లల మీద పరిచాను. రాజవ్వ ఇంకో ఇద్దరు ఆడవాళ్లను వెంటబెట్టుకొచ్చింది.

"నిలవడి సకినాలు సుట్టుడు యాడన్న జూసినమా? నా నడుము నీ సర్కారోడు పట్టుకుంటడా?" అన్నది. అందరం నవ్వాం. నేనూ నవ్వుతున్నానని కాసేపటికి గాని నాకు తెలియలేదు.

అధికారి మళ్లీ వచ్చారు, బట్ట అంచు ఎత్తి చూశారు, తలాడించారు. రిజిస్ట్రేషన్ వచ్చింది, దేవునికే మహిమ. నా దుఃఖం పోయిందని నేను చెప్పను, అది ఉంది, కానీ దాని పక్కన పనిచేసే బలం ప్రభువు ఇచ్చాడు. మీలో ఎవరికైనా ప్రార్థించడానికి మాట రాకపోతే, ఉన్న ఒక్క మాటే ఆయనకు చెప్పండి, అది కఠినమైన మాటైనా సరే, ఆయన వింటాడు, ఆయనను నమ్మండి.

ఈ ఉదయం బయలుదేరుతుంటే రాజవ్వ అన్నది, "మీ దేవునికి జెప్పు బిడ్డా, ఇంకో బల్ల గావాలె, జాగ సాల్తలేదు."

చెప్పాను. మీరూ ఆ ప్రార్థనలో నాతో కలవండి.