వసారాలో బూట్లు

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. పోయినవాళ్ళు పోయినట్టేనని, వాళ్ళమ్మ పోయిన రోజున మా అమ్మాయితో అన్నవాణ్ణి నేనే. అయినా ఆ మధ్యాహ్నం జరిగింది జరిగినట్టు రాసిపెట్టాలనిపించింది.

మేముండే సెయింట్ లూయిస్‌కి గంట దూరంలో, మిసిసిపీ నది పక్కన, సెయింట్ జెనెవీవ్ అని చిన్న ఊరుంది. ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళు కట్టుకున్న ఊరు. రాతి చర్చి, పాత శ్మశానం, దుంగలను నిలువుగా భూమిలో పాతి కట్టిన ఇళ్ళు. ఆ ఇళ్ళకు పునాదుల్లేవు. రెండువందల ఏళ్ళు దాటినా నిలబడే ఉన్నాయి. మొదటి ఊరు నది ఒడ్డునే ఉండేదట. నీళ్ళు పదేపదే వచ్చినా జనం కదల్లేదు. పెద్ద వరద వచ్చాకే మెరకకు మారారు.

నా భార్య వాణికి ఆ ఊరంటే ప్రాణం. ఏటా వసంతంలో వెళ్ళేవాళ్ళం. చూడడానికి తెరిచి ఉంచిన ఆ ఇళ్ళలో బూట్లు విడవక్కర్లేదు. తను మాత్రం వసారాలోనే విడిచేది, నా చేతా విడిపించేది.

"మంచం ఉంది, పొయ్యి ఉంది. ఎవరిదైనా ఇల్లు ఇల్లే కదండీ," అనేది.

వచ్చేటప్పుడు నాకంటే ముందు బయటికి వచ్చి, నా బూట్లు వీధివైపు తిప్పి జతగా పెట్టేది. "మీ బూట్లు చూస్తే ఎవరో తరిమితే లోపలికి దూరినట్టుంటుంది!" మా ఇంటి గుమ్మంలోనూ రోజూ ఇదే.

ఓసారి అక్కడి రేవులో నిలబడి, "గోదావరి దాకా ఎందుకు, నన్ను ఇక్కడే కలిపేయండి," అంది. నవ్వుతూనే అంది కానీ, మాట తీసుకుంది.

తను పోయి ఏడాది దాటినా అస్థికల చెంబు నా దగ్గరే ఉంది. రెండుసార్లు రేవుదాకా వెళ్ళి, చెంబుతోనే తిరిగొచ్చాను.

"నాన్నా, అమ్మకి ప్రామిస్ చేశావ్ కదా. ఇంకా ఎన్నిసార్లు కార్‌లో తిప్పుతావ్?" అంది అమ్మాయి ఫోన్‌లో. కోపం కాదు, ఏడుస్తోంది.

మూడోసారి వెళ్ళినప్పుడు రేవుకి వెళ్ళలేక ఆ పాత ఇంటికి వెళ్ళాను. చెంబు భుజాన సంచిలో ఉంది. వసారాలో బూట్లు విడిచాను, ఒకటి అటు, ఒకటి ఇటు. ఇల్లు చూపించే పెద్దావిడ నవ్వి, తలుపు వేసింది. లోపల మేమిద్దరమే. ఆవిడ నా పక్కనుంచి కదల్లేదు. ఆవిడ చెప్పిన చరిత్రంతా వాణి నాకు ఎప్పుడో చెప్పిందే. మళ్ళీ విన్నాను.

బయటికొచ్చేసరికి బూట్లు వీధివైపు తిరిగి, జతగా ఉన్నాయి.

"ఎవరైనా వచ్చారా?" అని అడిగాను.

"పొద్దుటినుంచీ వచ్చింది మీరొక్కరే," అందావిడ.

గాలి లేదు. అవి బరువైన తోలు బూట్లు. నేనే అలా పెట్టానేమో అనుకుని చూశాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అలా పెట్టినవాణ్ణి కాదు.

వేసుకుని కాసేపు వసారా మెట్ల మీదే కూచున్నాను. తర్వాత రేవుకి వెళ్ళి చెంబు వంచాను. నీళ్ళు బురదగా, వడిగా ఉన్నాయి. ఎంతోసేపు పట్టలేదు.

ఆ బూట్లు ఎలా తిరిగాయో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజు ఇంటికొచ్చి వాటిని గుమ్మంలో ఎప్పటిలాగే విడిచాను. పొద్దున లేవగానే వెళ్ళి చూశాను.

నేను విడిచినట్టే ఉన్నాయి.