నాలుగో సబ్జెక్టు ఓబుళమ్మ

మా అమ్మ మీద ఒట్టు, ఇది జరిగింది. నాకే జరిగింది. కువైట్‌లోని సల్వాలో, మా మామా ఇంట్లో, వంటగది పక్కన ఉండే నా గదిలో. కథలు అల్లే తెలివి నాకు లేదు. బుద్ధి పుట్టాక ఒక్కసారే ఒక అబద్ధం అల్లి కాగితం మీద పెట్టాను... ఆ రాత్రే ఇదంతా.

నా పేరు రెడ్డెమ్మ. మాది రాయచోటి దగ్గర. కువైట్ వచ్చి పదమూడేళ్లు, ఈ ఇంట్లో తొమ్మిదేళ్లు. మామా అంటే మా యజమానురాలు. ఇక్కడ ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లం అందరం అలాగే పిలుస్తాం. మంచి మనిషి. గట్టిగా అరుస్తుంది, ఐదు నిమిషాల్లో మరిచిపోయి టీ తాగావా అని అడుగుతుంది. ఆమె తల్లిని చూసుకోవడం నా పని. ముసలామెకు మతిమరుపు. పొద్దున నన్ను పేరు పెట్టి పిలుస్తుంది, మధ్యాహ్నానికి ఎవరు నువ్వంటుంది. మనిషి తలలోంచి ఒక పేరు ఎక్కడికి పోతుంది, మళ్లీ ఎలా తిరిగొస్తుంది... అది తెలుసుకోవాలని ఒకటే తపన. ఇంటర్ పాసైన ఇరవై రెండేళ్లకు ఆన్‌లైన్‌లో బీఏ సైకాలజీలో చేరాను. తెలుగు మీడియం. మామా తన పాత లాప్‌టాప్ ఇచ్చింది. అందులో రెండు అక్షరాలు గట్టిగా పొడిస్తేగాని పడవు. అయినా నాకు బ్రహ్మాండం.

నవ్వేవాళ్లు నవ్వారు. మహబూలాలో నలుగురితో కలిసి ఫ్లాట్‌లో ఉండే నా స్నేహితురాలు సరోజ అయితే, "సైకాలజీ సదివి ఎవురికి పిచ్చి కుదురుస్తావుమే?" అంది. "ముందు నీతోనే మొదలుపెడతాలే" అన్నాను. కానీ చెబుతున్నాను కదా, ఆ మూడేళ్లూ నేను పడ్డ సంతోషం ఇంకెప్పుడూ పడలేదు. ముసలామె నిద్రపోయాక తలుపు వేసుకుని పుస్తకం తెరిస్తే, ఆ గంట నాది. ఎవరూ పిలవరు. ఎవరికీ నేను పనిమనిషిని కాదు.

మూడో ఏడాది చివర్లో ప్రాక్టికల్ వచ్చింది. జ్ఞాపకశక్తి మీద ప్రయోగం. ఇరవై మాటలు వరసగా చదివి వినిపించాలి. విన్నవాళ్లు గుర్తున్నన్ని చెప్పాలి. ఆ తర్వాత వాళ్ల మనసులో ఏమనిపించిందో వాళ్ల మాటల్లోనే రాసుకోవాలి. అలా ప్రయోగానికి కూర్చున్న మనిషిని సబ్జెక్టు అంటారు. నలుగురు సబ్జెక్టులు కావాలి, అందులో ఒకరు యాభై దాటినవాళ్లై ఉండాలి. ఒక్కరు తగ్గినా ఫైలు తీసుకోరు. ఫైలు తీసుకోకపోతే డిగ్రీ రాదు, మళ్లీ ఏడాది ఆగాలి.

ముగ్గురు దొరికారు. ఒక శుక్రవారం మహబూలా వెళ్లి సరోజ మీద, ఆమె గదిలో ఉండే ఇద్దరి మీద చేశాను. సరోజ ఇరవైలో పదమూడు చెప్పి, "ప్రైజేంది?" అని చెయ్యి చాపింది. యాభై దాటిన మనిషి మాత్రం... పక్క వీధిలో వంట చేసే ఒక పెద్దామె వస్తానని మాటిచ్చింది. తీరా ఆఖరి రోజు వాళ్ల ఇంటివాళ్లు సముద్రం ఒడ్డున సెలవులకు ఉండే షాలే ఇంటికి పోతూ ఆమెనూ వెంట తీసుకెళ్లారు.

ఆ రోజు గురువారం. మా మామా వాళ్లూ షాలేకే బయల్దేరారు. ముసలామెను, ఇంకో పనమ్మాయిని తీసుకుని నన్ను మాత్రం వదిలేసింది. "ఖలాస్, నువ్వు ఇంట్లోనే ఉండు, నీ పరీక్ష పని చూసుకో" అంది. పొద్దున ఇండియా టైము ఎనిమిదికల్లా ఫైలు పంపాలి. అంటే ఇక్కడ కువైట్‌లో ఐదున్నర.

సాయంత్రం మా వైపు ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో గొంతు రికార్డు చేసి పెట్టాను. యాభై దాటిన అక్కలు ఎవరన్నా ఉంటే ఫోన్ చేయండి, కాసేపే పని అని. ఒకామె దండం బొమ్మ పెట్టింది. ఇంకొకామె, నాకు నలభై ఎనిమిదే అని రాసింది. అంతే.

అంత పెద్ద ఇంట్లో నేనొక్కదాన్నే. భయమా... అబ్బే. నిజం చెప్పాలంటే హాయిగా ఉంది. చెనిగ్గింజల చట్నీ నూరుకుని ఖుబ్జ్ రొట్టెతో తిన్నాను. కాళ్లు మంచం మీద చాపుకుని ముగ్గురి లెక్కలూ పూర్తి చేశాను. పన్నెండు దాటింది. నాలుగో కాగితం తెల్లగా నా మొహంలోకి చూస్తోంది.

అప్పుడు చేశాను ఆ పని. మనిషిని కల్పించాను.

పెన్ను మూత కొరుకుతూ, తలుపులోంచి వంటగదిలోని ఫ్రిజ్ వైపు చూస్తూ కూర్చున్నాను. బాగా గుర్తుంది. పేరు, ఓబుళమ్మ. మా వైపు ఇంటికొకరుంటారు కదా, అనుమానం రాదు. వయసు యాభై ఐదు రాశాను. కొట్టేసి యాభై రెండు చేశాను. చదువు, నాలుగో తరగతి. పని, ఇంటిపని. ఇక గుర్తున్న మాటలు. దానికి పుస్తకమే దారి చూపించింది. ఎవరికైనా మొదటి మాటలు, చివరి మాటలు బాగా గుర్తుంటాయి, మధ్యవి జారిపోతాయి. అందుకని మొదటి మూడు... చాప, సూది, గిన్నె. చివరి మూడు... చీపురు, తాళం, ఉప్పు. మధ్యలోంచి ఒకటి, బావి. మొత్తం ఏడు. కొందరు లేని మాట కూడా విన్నామని చెబుతారు, అదీ పుస్తకంలో ఉంది. తాళం ఉంది కాబట్టి గొళ్లెం అని ఒక దొంగ మాట చేర్చాను. మనసులో ఏమనిపించింది అన్న చోట, 'ఎక్కడో నీళ్లు కారే చప్పుడు, దానితో మనసు నిలబడలేదు' అని రాశాను. చదువుకుంటే నాకే ముచ్చటేసింది. ఓబుళమ్మ నా ఎదురుగా కూర్చుని చెప్పినట్టే ఉంది. సిగ్గుపడాల్సింది పోయి గర్వపడ్డాను చూడండి.

టీ పెట్టుకున్నాను. ఫైలు టైపు చేయడం మొదలుపెట్టాను. నాలుగో కాగితం దిండు మీద ఉంది. దాని పక్కనే ఫోను.

ఫ్రిజ్ గుర్రుమంటూ ఉండింది... ఆగింది. ఇల్లంతా నిశ్శబ్దం.

ఫోను మోగింది.

రెండు దాటి పది నిమిషాలు. తెలియని నంబరు. రెండుతో మొదలైంది... అంటే ఇక్కడి ల్యాండ్‌లైను. షాలేలో ముసలామెకేమైనా అయిందేమో అనుకున్నాను. ఎత్తాను.

"హలో..."

ఊపిరి... ఒక మనిషి ఊపిరి. దాని వెనక ఇంకేదో. టప్... టప్... టప్... తీరిగ్గా, ఒక్కో చుక్క.

"రెడ్డెమ్మేనా?"

ఆడగొంతు. పెద్దామె. మా రాయచోటి యాసే.

"అవునక్కా. ఎవురు మాట్లాడేది?"

"ఆ మాటలు ఇంగోసారి సదువుమ్మా... నాకు ఏడే గుర్తుండాయి."

నా చేతిలో టీ గ్లాసు ఉంది. దాన్ని కింద పెట్టాలన్న ధ్యాస కూడా లేదు. వేళ్లు కాలుతున్నాయి... తెలుస్తూనే ఉంది... పెట్టలేకపోతున్నాను.

"అక్కా... నీకు నేను ఎప్పుడు సదివినా?"

"ఇందాకనే గదమ్మా. సదువు."

ఫోను పెట్టేసి ఉండొచ్చు. ఎందుకు పెట్టలేదో ఇప్పటికీ తెలీదు. నా చెయ్యి దానంతటదే ఆ ఇరవై మాటల పట్టీ అందుకుంది. చదివాను. చాప... రెండు లెక్కపెట్టి... సూది... రెండు లెక్కపెట్టి... గిన్నె... ప్రయోగంలో ఎలా చదవాలో అలాగే. ఇరవై మాటలూ అయ్యాయి.

"చెప్పక్కా."

టప్... టప్...

"చాప... సూది... గిన్నె." ఆగింది. "బావి." చాలాసేపు ఆగింది. "చీపురు... తాళం... ఉప్పు."

నేను కాగితం వంక చూస్తున్నాను. ఏడూ ఉన్నాయి. నా చేత్తో నేను రాసినవి. ఇక అయిపోయింది అనుకున్నాను. అయిపోవాలని మొక్కుకున్నాను.

"గొళ్లెం."

పట్టీ మీద వేలు పెట్టి ఇంకోసారి చూశాను.

"అక్కా... గొళ్లెం ఈ పట్టీలో లేదు."

"ఉండాది లేమ్మా. నువ్వు సదవలేదంతే."

అయినా చూడండి మూడేళ్ల చదువు, తర్వాత అడగాల్సిన ప్రశ్న దానంతటదే బయటికొచ్చింది. "గుర్తు చేసుకునేటప్పుడు మనసులో ఏమనిపించిందక్కా?"

"ఈ నీళ్ల సప్పుడొకటి... దీంతో మనసు నిలబడలా." టప్... టప్... "నీ పనైపోయిందా ఇంగ?"

"అయిపోయిందక్కా."

"మంచిది. సదువుకో."

ఫోను కట్టయింది.

గదిలో లైట్లన్నీ వేశాను. వంటగదిలోవీ వేశాను. కుళాయిలన్నీ తిప్పి చూశాను, ఒక్కటీ కారడం లేదు. తలుపు గొళ్లెం... దాని వైపు చూడకుండానే చేత్తో తడిమి వేసుకున్నాను. అప్పుడు, ఆ నంబరు మళ్లీ చూద్దామని ఫోను తెరిచాను.

ఇక్కడ కొంచెం నిదానంగా చెబుతాను. నన్ను భయపెట్టింది ఆ గొంతు కాదు. ఇది.

అదే నంబరు నుంచి రెండు ఫోన్లు ఉన్నాయి.

ఒకటి రెండూ పది. ఆరు నిమిషాలు. అది సరే. దాని కింద ఇంకోటి. పన్నెండూ ముప్పై ఆరు. పదకొండు నిమిషాలు. ఎత్తని ఫోను కాదు. ఎత్తాను. పదకొండు నిమిషాలు మాట్లాడాను. ఫోను అలా అంటోంది.

పన్నెండూ ముప్పై ఆరుకి నేనేం చేస్తున్నాను... పెన్ను మూత కొరుకుతూ ఓబుళమ్మను కల్పిస్తున్నాను. ఒట్టు. మూత మీద పంటిగాట్లు కూడా ఉన్నాయి. ఫ్రిజ్ మీద అంటించిన నిమ్మకాయ బొమ్మ గుర్తుంది. ఫోను మోగినట్టు లేదు. ఒక్క మాట మాట్లాడినట్టు లేదు. కాగితం తీశాను. యాభై ఐదు కొట్టేసి యాభై రెండు. ఎందుకు కొట్టేశాను? ఎక్కువనిపించి కొట్టేశాననుకున్నాను ఇంతసేపూ. లేకపోతే... అవతలి మనిషి సరిదిద్దిందా?

మనిషికి ఒక విషయం గుర్తుండి, అది ఎక్కడ విన్నదో మరిచిపోవడం ఉంటుంది. అప్పుడు అది తన సొంత ఆలోచనే అనుకుంటాడు. రెండో ఏడాది పాఠం, దానికి నాకు మంచి మార్కులే వచ్చాయి. కానీ పదకొండు నిమిషాలు మొత్తంగా పోతాయా? నిద్ర లేదు, పని ఎక్కువైంది, సరే. అయినా పోతాయా? ముసలామె నన్ను ఎవరు నువ్వు అన్నప్పుడు నవ్వుకునేదాన్ని. ఆ రాత్రి నవ్వు రాలేదు.

ఫైలు ముందు కూర్చున్నాను. నాలుగో కాగితం తీసేస్తే ఏడాది పోతుంది. ఉంచితే అది దొంగ లెక్క. కానీ దొంగ లెక్కేనా? ఐదూ ఇరవైకి, మసీదులో తెల్లవారి నమాజు పిలుపు, ఫజర్ బాంగు, అయిపోయి ఆకాశం తెల్లబడుతుంటే, ఉన్నది ఉన్నట్టు పంపేశాను.

పొద్దున తొమ్మిదికి ఆ నంబరుకి ఫోన్ చేశాను. ఒక మలయాళీ పెద్దాయన ఎత్తాడు. చిల్లర కొట్టు అట, మా ఇంటికి నాలుగు వీధుల అవతల బకాలా. రాత్రి ఫోన్ చేసిందెవరు అని హిందీలో అడిగాను. పదకొండుకే షట్టర్ దించి తాళం వేశాను, లోపల ఎవరుంటారు అన్నాడు. తెలుగామె, యాభై రెండేళ్లు, ఓబుళమ్మ... అని చెప్పి చూశాను. సామాన్లకు చాలామంది వస్తారు బెహన్, పేర్లు ఎవరడుగుతారు అన్నాడు. నిజమే కదా.

ఆ సాయంత్రమే మహబూలా వెళ్లి సరోజకు చెబితే, "నువ్వు సగం నిద్రలో మొదటి ఫోన్ ఎత్తింటావులేమే, ఎవురో గ్రూపులో ఇని చేసింటారు" అంది. కావచ్చు. "మరి మూసిన కొట్లోంచి ఎట్ల చేసిరి?" అన్నాను. అది మాత్రం ఆమెకూ అంతుపట్టలేదు. ఆ రాత్రి నన్ను ఒంటరిగా పంపకుండా తన పక్కనే పడుకోబెట్టుకుంది.

రెండు వారాలకు వైవా. వీడియోలో ఒక మేడమ్. నా ఫైలు తిప్పుతూ నాలుగో కాగితం దగ్గర ఆగింది.

"నాలుగో ఆమె చెప్పింది చాలా సహజంగా ఉందమ్మా. ఇది మాత్రం కూర్చుని రాసింది కాదు, విని రాసిందే. ఈ ప్రాక్టికల్‌లో చాలామంది మనుషుల్ని కల్పించేస్తారు." కళ్లద్దాలు పైకి జరిపి నా వైపు చూసింది. "నలుగురి మీదా నువ్వే చేశావా?"

నోరు తెరిచాను. చేశానంటే అబద్ధం కావచ్చు. చేయలేదంటే అదీ అబద్ధం కావచ్చు. అంతవరకూ ఏ ప్రశ్నకైనా నాకు తెలుసనో తెలీదనో చెప్పగలిగేదాన్ని.

"నాలుగో ఆమె మీద ఫోన్‌లో చేశాను మేడమ్" అన్నాను. "రెండుసార్లు."

మేడమ్ తలూపి టిక్కు పెట్టింది.

పాసయ్యాను. మంచి మార్కులు. సర్టిఫికెట్టు వచ్చిన రోజు మామా ఇంటిల్లిపాదికీ స్వీట్లు పంచింది, నాతో ఫొటో దిగింది. నాకు పట్టరాని సంతోషం, అది దాచను. గదిలో గోడకు పెట్టుకున్నాను. పడుకునే ముందు రోజూ చూస్తాను. అది నేను కష్టపడి తెచ్చుకున్నానో, మోసం చేసి తెచ్చుకున్నానో చెప్పగలిగిన మనిషి ఒక్కతే. ఆమె ఉందో లేదో నాకు తెలీదు.