ఎదురుకాళ్లతో పుట్టిన అమ్మ

నా కూతురు బతకలేదు. ఆ మాట ముందే చెప్పేస్తే నాకు తేలిక. లేకపోతే చదివేవాళ్లు చివరిదాకా ఆశపడతారు, ఆ ఆశ ఎలాంటిదో నాకు తెలుసు. దాని గురించి రాసే శక్తి నాకింకా రాలేదు. ఇది మా అమ్మ గురించి.

అమ్మ ఎదురుకాళ్లతో, అంటే తల కన్నా ముందు కాళ్లు బయటపడి, పుట్టింది. అలా పుట్టినవాళ్లు కాలితో తాకితే నడుం పట్టు వదిలిపోతుందని శ్రీకాకుళం వైపు నమ్మకం. మా వాళ్లు ఓడరేవులో డాక్ పనులకని కలకత్తా వచ్చినప్పుడు బట్టలతో పాటు ఈ నమ్మకాన్ని కూడా మూట కట్టుకుని తెచ్చుకున్నారు. మెటియాబ్రుజ్‌లో మేముండే లైనులో అందరివీ బరువులు మోసే బతుకులే కాబట్టి, నడుం పట్టని మగాడు ఒక్కడూ ఉండేవాడు కాదు. ఆదివారం చర్చి అయ్యాక మా గుమ్మం ముందు ఎవరో ఒకరు చాప మీద బోర్లా పడుకుని, అమ్మను అక్క వరసతో పిలుస్తూ మూలుగుతూ ఉండేవారు.

"అప్పా, ఒంగలేకపోతన్నాను. ఓపాలి కాలెట్టి పుణ్యం కట్టుకో."

అమ్మ కాళ్లు కడుక్కుని వచ్చి, ప్రభువును తలుచుకుని, ఎడమ మడమతో మెల్లగా నొక్కేది. లేచి నడిచి వెళ్లిపోయేవాళ్లు. నిజంగా తగ్గేదా అంటే నేను చెప్పలేను. మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు, అంతే. ఇదంతా మూఢనమ్మకమని ప్రసంగంలో దులిపేసిన పాస్టరుగారు కూడా ఒకసారి మా పెరటి తలుపు తట్టారు. దైవసేవకుణ్ణి తొక్కడానికి అమ్మకు మనసొప్పక, కాలి బొటనవేలితో అంటీ అంటనట్టు తాకి పంపింది. ఆయనకీ తగ్గింది. ఆ తర్వాత ఆ ప్రసంగం మళ్లీ వినపడలేదు.

నేను చదువుకుని ఉద్యోగం తెచ్చుకుని న్యూ టౌన్‌కి మారాను. నాతో పనిచేసే కరీంనగర్ అబ్బాయిని పెళ్లి చేసుకున్నాను. కడుపుతో ఉన్నప్పుడు ఏడో నెలలో నొప్పి మొదలైంది. తుంటి దగ్గర, పొత్తికడుపు కింద ఎముకలు కలిసే చోట. మంచం మీద ఇటు నుంచి అటు తిరగాలంటే పళ్లు బిగపట్టాలి. మెట్లు దిగాలంటే ఏడుపు. అందరూ నన్ను చూసి నవ్వుతూ "అదంతా మామూలే" అనేవాళ్లు. మామూలే అన్నవాళ్లందర్నీ ఒకసారి నా నడుముతో ఆఫీసు బస్సు ఎక్కించాలనిపించేది.

అమ్మ నన్ను చూసుకోవడానికి మా ఫ్లాట్‌కి వచ్చింది. నేను అడిగాను, "ఊరందరికీ తొక్కుతావు, నాకెందుకు తొక్కవే?" అని.

అమ్మ చెవులు మూసుకుంది. "ఓలమ్మో, అదేటి మాట! కడుపుతో ఉన్నదాన్ని కాల్తో తాకుతారేటి? లోపల పిల్ల ఉంది. పాపం కాదూ?"

అదీ నియమం. అమ్మ కాలు అందరికీ మందు, కడుపుతో ఉన్నదానికి మాత్రం కాదు. నేను నవ్వాను కానీ కొంచెం కోపం కూడా వచ్చింది.

మా డాక్టరమ్మ సరేనన్నాక, దగ్గర్లో ఉన్న ఒక కైరోప్రాక్టర్ దగ్గరికి, అంటే ఎముకల పట్లు చేత్తోనే సరిచేసే ఆవిడ దగ్గరికి వెళ్లాను. బెంగాలీ ఆవిడ, నాకంటే కొంచెం పెద్దది, విదేశంలో చదువుకుని వచ్చింది. ఎముకలు పటపటా విరుస్తారని విని భయపడుతూ వెళ్లాను. అమ్మ ఇంకా భయపడి వెంట వచ్చింది. అలాంటిదేమీ జరగలేదు. బల్లకు పొట్ట పట్టేంత పల్లం ఉంది. అన్ని నెలల తర్వాత నేను బోర్లా పడుకోగలిగాను, ఆ సుఖానికే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ నా రెండు కాళ్లూ పట్టుకుని పొడవు సరిపోల్చింది, మడమలను తుంటివైపు వంచి ఎటు బిగుసుకుందో చూసింది, నడుం కింది ఎముక మీద అరచేయి ఆనించి చిన్నగా నెట్టింది. బల్లలో ఒక ముక్క టక్కుమని కిందికి జారింది. ఆ తర్వాత పొట్ట కింద పక్కన ఎక్కడో ఒక నరం మీద బొటనవేలు ఉంచి, అది మెత్తబడేదాకా అలాగే నిలబడింది.

"కటి ఒక పక్కకి లాగేస్తోంది. రెండు పక్కలా సమంగా ఉంటే మీకు నొప్పి తగ్గుతుంది. అంతవరకే నా పని" అంది.

అమ్మ గోడకి ఆనుకుని అంతా చూసింది. ఇంటికొచ్చాక, "చెయ్యి మంచిది. నిదానం ఉంది" అని ఒక్క మాట అంది. అమ్మ నోట ఆ మాట రావడం చిన్న సంగతి కాదు.

వారం వారం వెళ్లాను. నొప్పి పూర్తిగా పోలేదు కానీ నడవగలిగాను. ఈలోగా స్కానులో బిడ్డ తల పైన, కాళ్లు కింద ఉన్నట్టు తేలింది. అమ్మ ముఖం వెలిగింది. "నాలాగే!" అంది. నాకు మాత్రం ఆపరేషన్ భయం. కైరోప్రాక్టర్‌ని అడిగితే, "బిడ్డను నేను తిప్పను, తిప్పలేను. మీ ఎముకల బిగువు తగ్గితే దానికి చోటు దొరకొచ్చు. మాట మాత్రం ఇవ్వలేను" అంది. తర్వాతి స్కానుకి తల కిందికి తిరిగి ఉంది. నేను ఆవిడకి సందేశ్ మిఠాయి డబ్బా తీసుకెళ్లి ఇచ్చాను. ఆవిడ సిగ్గుపడి, ఇది నా గొప్పతనం కాదని చెప్పింది. అమ్మ పక్కన నిలబడి నేల చూస్తూ ముసిముసిగా నవ్వింది. ఆ నవ్వు ఎందుకో అప్పుడు నేను పట్టించుకోలేదు.

తొమ్మిదో నెలలో ఒక రోజు పొద్దుటి నుంచీ కదలిక లేదు. ఆసుపత్రిలో యంత్రం పెట్టి బిడ్డ గుండె చప్పుడు కోసం వెతికారు. వెతుకుతున్న అమ్మాయి మాట్లాడటం ఆపేసింది. నాకు అప్పుడే తెలిసిపోయింది. అయినా కన్నాను, కనక తప్పదు కదా. నిద్రపోతున్నట్టే ఉంది. జుట్టు ఒత్తుగా ఉంది. కారణం ఏమీ దొరకలేదన్నారు, ఒక్కోసారి అలా జరుగుతుందన్నారు. మెడకు పేగు ఒక చుట్టు ఉంది, అది చాలామందికి ఉంటుంది, దాని వల్ల కాదు అని కూడా చెప్పారు.

విచిత్రం ఏమిటంటే, ఆ తర్వాత నా తుంటి నొప్పి మాయమైంది. ఎటు కావాలంటే అటు తిరిగి పడుకోగలిగాను. ఆ హాయి మీద నాకు అసహ్యం పుట్టింది. నొప్పి ఉన్నన్నాళ్లూ నా బిడ్డ ఉంది, ఇప్పుడు రెండూ లేవు.

మా అత్తగారు ఫోన్ చేసి ఏడ్చింది. మంచి మనిషే, దుఃఖంలో ఎవరి మీదో ఒకరి మీద కోపం రావాలి కదా. "ఆ బొక్కల డాక్టర్ దగ్గరికి ఎందుకు పోయినవ్ బిడ్డా? ఆమెనే తిప్పింది. అట్ల తిరిగినప్పుడే పేగు సుట్టుకున్నది" అంది. ఫోన్ స్పీకర్‌లో ఉంది. నేను జవాబు చెప్పేలోగా అమ్మ వంటింట్లోంచి వచ్చింది.

"ఆయమ్మ కాదు వదినా. నాను."

ఫోన్ పెట్టేశాక చెప్పింది. ఒక మధ్యాహ్నం నేను నొప్పితో మూలిగి మూలిగి పక్కకి తిరిగి నిద్రపోయానట. చూడలేకపోయిందట. కాళ్లు కడుక్కుని వచ్చి, ప్రార్థన చేసి, నా తుంటి మీద మడమ ఆనించిందట. తర్వాతి స్కానులో తల తిరిగిందని తెలిసినప్పుడు, తన కాలే తిప్పిందని మురిసిపోయిందట.

"కూడదని తెలిసీ ఎట్టీసినాను. దాని మెడకి నానే చుట్టీసినాను" అంది. ఏడవలేదు. గోడను చూస్తూ చెప్పింది. అమ్మ ఏడవకపోవడం చూసే నాకు భయం వేసింది.

డాక్టరమ్మ చెప్పిన మాటలన్నీ మళ్లీ చెప్పాను. తను మడమ ఆనించాక కూడా ఎన్నో రోజులు బిడ్డ కడుపులో ఆడుకుందని చెప్పాను. వింది, తల ఊపింది, వెళ్లి అంట్లు తోముకుంది. మెటియాబ్రుజ్‌కి తిరిగి వెళ్లాక గుమ్మం ముందు చాప వేయనివ్వడం మానేసింది. నేను వెళ్లిన రోజు చిన్నప్పటి నుంచీ ఎరిగిన డాక్ కూలీ ఒకాయన నడుం పట్టుకుని వంగి వంగి వచ్చాడు. "నా కాలు మంచిది కాదు తమ్ముడూ, ఆస్పత్రికి ఎల్లు" అని తలుపు వేసేసింది. ఆయన చాలాసేపు బయటే నిలబడ్డాడు, ఏం తప్పు చేశానా అన్నట్టు.

అమ్మను కైరోప్రాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. చదువుకున్నావిడ చెబితే వింటుందేమోనని ఆశ. మేము లోపలికి వెళ్లేసరికి ఆవిడ లేచి నిలబడింది. వచ్చి నా చేతులు పట్టుకుంది. సంగతి చెప్పాను. ఆవిడ అమ్మ పక్కన స్టూలు మీద కూర్చుని, సొంత పిన్నిని పిలిచినట్టు పిలిచింది.

"మాసీమా, నాకూ అదే భయం. నా చేతి వల్లేనా అని మీ డాక్టరమ్మకి ఫోన్ చేసి ఎన్నిసార్లు అడిగానో. కాదన్నారు. అయినా ఈ బల్ల దగ్గరికొస్తే గుర్తొస్తుంది" అంది.

అమ్మ వెంటనే ఆవిడ చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. తన డాక్ బస్తీ బెంగాలీలో గట్టిగా మందలించింది. నీ చెయ్యి మంచిది, నేను కళ్లారా చూశాను, నువ్వు నొప్పి తీసేదానివే కానీ ప్రాణం తీసేదానివి కాదు, ఇంకెప్పుడూ అలా అనుకోకు అంది. ఆవిడ కళ్లు తుడుచుకుని, "మరి మీ కాలు?" అంది.

అమ్మ చెయ్యి వదిలేసింది. "అది వేరు" అంది.

ఆ మాటకి నాకు ఒళ్లు మండిపోయింది. బయటికొచ్చి క్యాబ్ కోసం నిలబడ్డాం. ముందు మెట్రో పనుల దుమ్ము, చుట్టూ హారన్లు. పరాయి మనిషిని ఒక్క మాటతో క్షమించింది, తనకి మాత్రం ఆ మాట ఎందుకు చెప్పుకోదు? నిజం ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. ఈమెకి నిజం పనికిరాదని అక్కడ, ఆ దుమ్ములో, నాకు తోచింది.

"అమ్మా, నేను ఆ మధ్యాహ్నం నిద్రపోలేదు" అన్నాను.

నిజానికి నిద్రపోయాను. నాకు ఆ మధ్యాహ్నమే గుర్తులేదు.

అమ్మ నా వైపు తిరిగింది. "ఏటి?"

"మేలుకునే ఉన్నాను. చూస్తే ఆపేస్తావని కళ్లు మూసుకున్నాను. నువ్వు మడమ పెట్టినప్పుడు పిల్ల తిరగలేదు. అది తిరిగింది ఇంకో రోజు, నేను ఆఫీసులో ఉన్నప్పుడు. పొట్టంతా మెలిపెట్టినట్టయింది, నాకు తెలిసింది. నువ్వు తాకినప్పుడు మాత్రం అక్కడే ఉండి, ఒక్కటి తన్నింది. నీ కాలికే తగిలుండాలి. నీకు తెలియలేదా?"

ఎదురుగా ఒక బస్సు ఆగి, జనాన్ని దింపి, వెళ్లిపోయింది.

"తగిలినట్టే అనిపించినాది" అంది నెమ్మదిగా. "నా బ్రమ అనుకున్నాను." మళ్లీ కాసేపటికి, "గట్టిగా తన్నినాదా?" అంది.

"గట్టిగానే అమ్మా."

అప్పుడు అమ్మ ఏడ్చింది. రోడ్డు మీదే, చెప్పులు వదిలేసి, పేవ్‌మెంటు మీద కూర్చుని ఏడ్చింది. క్యాబ్ వచ్చి ఆగింది. నేను వెళ్లిపొమ్మని చెయ్యి ఊపాను.