పక్క బొమ్మ

మా ఇంట్లో ఎవరికి ఏ పని పడినా ముందుండి నడిపించేది నేనే. ఎక్కడ ఎలా మాట్లాడాలో, ఎక్కడ కళ్ళనీళ్ళు పెట్టుకోవాలో నాకే తెలుసని నా నమ్మకం. ఆ తెలివే మా తమ్ముణ్ణి ముంచింది.

వాడు బస్సు డ్రైవరు. మోటారు సైకిలు మీంచి పడి తలకు దెబ్బ తగిలాక, అన్నం తిన్న కాసేపటికే తిన్నానా అని అడుగుతున్నాడు. స్టీరింగు ఇవ్వకుండా డిపోలోనే వేరే పని చూడాలంటే జ్ఞాపకశక్తి పరీక్ష చేయించుకు రమ్మన్నారు. ఇక నేను వారం ముందునుంచే చెవినిల్లు కట్టుకుని పోరాను. "తెలిసింది కూడా తప్పు చెప్పరా. బాగానే ఉన్నావనుకుంటే మళ్ళీ బండెక్కించేస్తారు."

రాజమండ్రిలో పరీక్ష అయ్యాక సైకాలజిస్టు గారు నన్ను లోపలికి పిలిచారు.

"ముందు ఒక బొమ్మ చూపిస్తామండి. తర్వాత దాని పక్కన ఇంకోటి పెట్టి, ఇందాక చూసింది ఏదని అడుగుతాం. ఇలా చాలా బొమ్మలుంటాయి. మతిమరుపు బాగా ఉన్నవాళ్ళు కూడా చాలావరకు చెప్పేస్తారు. కళ్ళు మూసుకుని ఏదో ఒకటి చూపించినా సగం దాకా ఒప్పవుతాయి. మీ తమ్ముడు గారికి దాదాపు అన్నీ తప్పే. అంటే, చూసింది ఏదో తెలిసే పక్కది చూపించారు. ఇక మిగతా పరీక్షల్లో ఆయన నిజంగా ఏం మర్చిపోయారో నేనెలా చెప్పనండి?"

నేనే నేర్పానని అప్పుడే చెప్పాల్సింది. సిగ్గేసి, "అలాగేనండి" అని లేచి వచ్చేశాను.

పాలకొల్లు బస్సులో వాడు నా వైపు ఒరిగి, "నువ్వన్నట్టే పక్క బొమ్మ చూపించానక్కా. బాగా చేశానా?" అన్నాడు. చేశావన్నాను. రావులపాలెం రాకముందే మళ్ళీ అదే అడిగాడు. దిగేటప్పుడూ అడిగాడు. వారం రోజులు నూరిపోసిన నా మాట ఒక్కటే వాడిలో నిలిచింది. నిజమైన జబ్బును చేతులారా అబద్ధం చేసి పెట్టానని నన్ను నేను తిట్టుకున్నాను.

మర్నాడు సైకాలజిస్టు గారికి ఫోన్ చేసి అంతా చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు, తిట్టినా బాగుండేది. "కొన్నాళ్ళాగి తీసుకురండి, వేరే పరీక్ష పెడదాం. ఈసారి మాత్రం ఏమీ నేర్పకండమ్మా" అన్నారు. అందాకా వాణ్ణి సెలవులోనే ఉంచమని డిపోలో బతిమాలుకున్నాం.

మొన్న మళ్ళీ వెళ్ళాం. నిజమే చెప్పరా అని ఇంట్లో ఎన్నోసార్లు అన్నాను, అన్నప్పుడల్లా తలూపాడు. నన్ను బయట కూర్చోమన్నారు. లోపలికి వెళ్ళబోతూ వాడు గుమ్మంలో ఆగి, చిన్నప్పుడు బడికి వెళ్ళే ముందు చూసినట్టు నా వైపు చూశాడు.

"పక్క బొమ్మేగా అక్కా?"