అందలేదని రాసిన దరఖాస్తు

పదేళ్ళుగా ఒక మాట నా గొంతులోనే ఉండిపోయింది. మా ఆయనతో కూడా అనలేదు. మీరు నన్నెరగరు కాబట్టి మీతో చెప్పగలుగుతున్నాను.

పరదేశం వచ్చి బాతెల్ ఊళ్ళో దిగిన కొత్తలో మా ప్రాంతపు నేల, నీటి సంరక్షణ బోర్డులో చేరాను. వాగు గట్లు కోసుకుపోకుండా రైతులకు సాయం చేసే బోర్డు అది. నాది సెక్రటరీ పని. వచ్చిన దరఖాస్తులు నమోదు చేయాలి, మీటింగు మినిట్స్ రాయాలి. ఆ మీటింగు బల్ల దగ్గర మన తెలుగువాళ్ళలో నేనొక్కదాన్నే. ఆ గొప్ప నాకు కాస్త ఎక్కువే ఉండేది.

మూర్తిగారు రిటైరైన ఇంజనీరు. ఊరి బయట వాగు పక్కన ఐదెకరాలు కొని, గోంగూర, బీరకాయలు పండించి మా అందరికీ పంచేవారు. వాగు ఆయన గట్టును కోసేస్తోంది. సాయం కోసం దరఖాస్తు నింపి, తెలుగువాళ్ళ పిక్నిక్‌లో నా చేతికిచ్చారు. నిజానికి ఆఫీసుకు పోస్టు చేయాలి. కానీ మన మనిషి లోపల ఉండగా పోస్టేమిటి? ఆయన అలా అనుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను. కారు డిక్కీలో పులిహోర ట్రేల పక్కన పెట్టాను. మర్చిపోయాను.

గడువు దాటాక, మీటింగుకు రెండు రోజుల ముందు, డిక్కీలో మడత కుర్చీల కింద అది కనబడింది. అప్పుడే చెబితే ఏమయ్యేది? మహా అయితే నాలుగు చీవాట్లు. గడువు సడలించేవారేమో కూడా. కానీ తనవాళ్ళ కాగితాలు దొడ్డిదారిన తీసుకుంటుందంటారని, అంత ముచ్చటగా దక్కిన కుర్చీలో తల వంచుకోవలసి వస్తుందని భయపడ్డాను. మీటింగుకు మూర్తిగారూ వచ్చారు. ఆయన దరఖాస్తు ఏదని చైర్మన్ అడిగితే, రాలేదన్నాను.

బయట వరండాలో మూర్తిగారు నన్ను ఆపారు.

"పిక్నిక్‌లో నీకే ఇచ్చినట్టు గుర్తమ్మా. నీలం కవర్."

"లేదంకుల్. ఇస్తానన్నారు. మర్చిపోయుంటారు."

ఆయన నా మొహంలోకి చూశారు. "అయ్యుంటుందిలే. ఈ మధ్య మెమరీ సరిగ్గా ఉండట్లేదు. సారీ అమ్మా, అనవసరంగా నిన్ను ఎంబరాస్ చేశాను."

ఆయన నాకు సారీ చెప్పారు. ఇంటికెళ్ళి ఆ కవరు చింపేశాను.

"దరఖాస్తు అందలేదు" అని మినిట్స్‌లో రాశాను. మరుసటి నెల చైర్మన్ ఎప్పటిలాగే, దిద్దుబాట్లేమైనా ఉన్నాయా అని అడిగారు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. అందరూ ఆమోదించారు. నేనూ చెయ్యెత్తాను.

ఇక్కడ వానలు పడేది చలికాలంలోనే. ఆ ఏటి వానలకు గట్టు కూలింది, కూరగాయల మళ్ళు కొట్టుకుపోయాయి. అంతటితో పోయి ఉంటే ఎప్పుడో మనసుకు సర్దిచెప్పుకునేదాన్ని. కానీ ఆయన తన బుర్రను తాను నమ్మడం మానేశారు. ప్రతిదీ చిన్న పుస్తకంలో రాసుకునేవారు. స్టవ్ ఆపానా అని సగం దారిలోంచి వెనక్కి వెళ్ళేవారు. ఏ జబ్బూ లేదని డాక్టరు చెప్పినా నమ్మక, కారు తాళాలు కూతురికి తనే ఇచ్చేశారు. తరవాత పొలమూ అమ్మేశారు.

ఆయన పోయిన రోజు ఆ అమ్మాయి నన్ను పట్టుకుని, ఆ పిక్నిక్ దగ్గరే నాన్నకు మతిమరుపు మొదలైందని ఏడ్చింది. నేను వీపు నిమిరాను. అవునమ్మా అన్నాను. ఎందుకన్నాను? బోర్డు ఎప్పుడో వదిలేశాను, అప్పుడిక భయపడడానికి ఏ కుర్చీ మిగిలిందని?

ఆమెకు ఇంకా చెప్పలేదు. చెప్పే ధైర్యం వస్తుందో రాదో తెలియదు. క్షమించవలసిన మనిషి లేడు, మిమ్మల్ని క్షమించమనే హక్కు నాకు లేదు. ఒక్కసారైనా ఉన్నదున్నట్టు రాస్తే గుండె కాస్త తేలికవుతుందని రాస్తున్నాను.

మూర్తిగారు ఏదీ మర్చిపోలేదు. దరఖాస్తు నాకిచ్చారు. నేను తీసుకున్నాను.