ధనరాజ్ సారు పచ్చికట్టె

ధనరాజ్ సారు కంటికి లోకంలో ఎండిన కట్టె అంటూ ఒక్కటీ ఆనదు. తాండూరు నూనె ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి, బాయిలర్‌కు వచ్చే కట్టెను చూసి లోపలికి పంపడం ఆయన పని. నడివేసవిలో, ముట్టుకుంటే పెళపెళ విరిగే కందికట్టెను చూసి కూడా "పచ్చిగుంది, దించు!" అనేవాడు.

బషీరాబాద్ నుంచి ట్రాక్టరు తోలుకొచ్చే ఈరయ్యకు ఆ మాట వింటే ఒళ్లు మండేది.

"సార్, జర విరిచి చూడుండ్రి. పటుక్కుమంటది."

"మోపు నడుమ పచ్చి. నా కండ్లకు కనబడ్తది."

"అద్దాలు జేబులనే ఉన్నయి గద సార్!"

"అద్దాలు పెడితే అన్నీ ఎండినట్టే కనబడ్తయి. గా రెండు మోపులు గోడవతల పారెయ్."

ఒకసారి వానకు లోడంతా తడిసి ముద్దయింది. దాన్ని మాత్రం నోరెత్తకుండా లోపలికి పంపాడు. "బాయిలర్ల అవే ఆరుతయి తియ్" అన్నాడు. ఈరయ్య తల పట్టుకున్నాడు.

వెనక ఈ ఫ్యాక్టరీ దుంగలు కాల్చేది. అడవి మిగలాలని, చేలల్లో వృథాగా పోయే కట్టెకు మారింది. మంచిదే. కానీ అది వృథాగా పోయిందెన్నడు? కోతలయ్యాక కూలి ఆడవాళ్లు ఏరుకొని, ఏడాదంతా పొయ్యిలో పెట్టుకున్నది దాన్నే. ఇప్పుడు రైతులు అమ్ముకుంటున్నారు. గోడవతల వాడలో కూలి చేసుకునే రుక్కమ్మకు, నింపించే పైసల్లేక గ్యాస్ బండ మూలకు అలంకారం, పొయ్యిలోకి పుల్ల కరువు.

ఈ ఎండాకాలం యజమాని విశ్వేశ్వర్ తేమ కొలిచే మిషన్ తెచ్చాడు. సారు పచ్చిదన్న మోపులో గుచ్చితే బాగా ఎండిందని చూపించింది.

"మిషన్‌కు ఎండదెబ్బ తగిలినట్టుంది సేట్" అన్నాడు ధనరాజ్.

అందరూ నవ్వారు, యజమాని తప్ప. "ఇగ మీరు ఇంట్ల కూసోండ్రి" అన్నాడు.

ఆ సాయంత్రం ఈరయ్యే ఆయన్ను ట్రాక్టరు ఎక్కించుకున్నాడు. వాడ రాగానే "ఆపు" అన్నాడు సారు. రుక్కమ్మ జొన్నరొట్టె కాలుస్తోంది. ఎన్నడూ ఆ గడప తొక్కనివాడు, తల వంచుకొని నిలబడ్డాడు.

"రుక్కమ్మా, రేపటి సంది పచ్చికట్టె పడది."

ఈరయ్యకు అప్పుడు గాని సంగతి తలకెక్కలేదు. ఇంజను ఆపి, తానూ కిందికి దిగాడు.

రేపు పొయ్యిలో ఏం పెట్టాలో రుక్కమ్మకూ తెలియదు. కొంగుతో కళ్లు తుడుచుకొని, పీట వేసి, వేడి రొట్టె ఆయన చేతికిచ్చింది.

"మీ పచ్చికట్టెకు ఒక్కనాడన్న పొగ రాలే సారూ!"

"మరి? మంచియి చూసే పారేపించిన గద" అన్నాడు ధనరాజ్ సారు.